ఎలుక చర్మం చెప్పిన సంగతి, చెప్పలేని సంగతి

(మహిళా, యువజన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకు ఇచ్చిన అంశం పిల్లల చర్మ సమస్యలు, వాళ్ల తిండి. మేము ఎలుకల దగ్గర మొదలుపెడతామని చెప్తే నిర్వాహకులు కాస్త కంగారుపడ్డారు. మన బస్తీల్లో ఎలుకల గురించి ఒకరు చెప్పాలా అన్నారు! నిజమే. కానీ మేము చెప్పబోయేవి బియ్యం డబ్బా కొరికే ఎలుకలు కావు. ప్రయోగశాలల్లో బోనుల్లో పెంచిన తెల్ల ఎలుకలు. మన ఒంట్లో విటమిన్లు చేసే పని గురించి ఇవాళ డాక్టర్లు చెప్పే మాటల్లో చాలా భాగం ఈ మూగజీవాల మీద నుంచి వచ్చిందే. వాటి చర్మం చూసి మనుషులు ఎన్నో తెలుసుకున్నారు. అదే చర్మం చూసి కొన్నిసార్లు దారి కూడా తప్పారు. రెండూ చెప్పుకుందాం.

ఎలుకనే ఎందుకు తీసుకున్నారు? అది మనలాగే ధాన్యం, పప్పు, మాంసం, పాలు అన్నీ తింటుంది. త్వరగా పెరుగుతుంది. మనిషి బిడ్డలో ఏళ్లకు బయటపడే లోటు దానిలో కొన్ని వారాల్లోనే బయటపడుతుంది. అంతకంటే పెద్ద కారణం బోను. ఒకే తల్లికి పుట్టిన పిల్లల్ని రెండు బోనుల్లో పెడతారు. గాలి ఒకటే, వెలుతురు ఒకటే, శుభ్రం చేసే చెయ్యి కూడా ఒకటే. గిన్నెలో వేసే తిండి మాత్రం వేరు. ఒక బోనులోని ఎలుకల బొచ్చు నున్నగా ఉండి, రెండో బోనులోని వాటి బొచ్చు ఊడి చర్మం పొట్టు రేగితే, "దాని పుట్టుకే అంత", "దాని కర్మ", "వాళ్లు శుభ్రంగా ఉండరు" అనే మాటలకు అక్కడ చోటు లేదు. తేడా ఒక్కటే, గిన్నె. ఆ గిన్నెలో ఏం వేయాలో ఎలుక నిర్ణయించలేదు.

ఇంగ్లండులో హాప్కిన్స్ అనే శాస్త్రవేత్త 1912లో ప్రచురించిన ప్రయోగాలు చాలామంది వినే ఉంటారు. శుద్ధి చేసిన పిండి, మాంసకృత్తులు, కొవ్వు, ఉప్పులు, అన్నీ లెక్క ప్రకారం పెట్టినా ఎలుకలు ఎదగలేదు. రోజూ చెంచా కూడా నిండని పాలు చేర్చగానే ఎదిగాయి. కడుపు నిండటం వేరు, ఒళ్లు నిలవటం వేరు అని ఆ కొద్ది పాలు తేల్చాయి. ఆ పాలలో ఉన్నదేమిటని వెతకటం అక్కడి నుంచే ఊపందుకుంది.

తర్వాతి ముప్పై ఏళ్లలో ఎలుక చర్మం ఒక పుస్తకమైపోయింది. ఒక్కో లోటుకి ఒక్కో రాత. 1927లో లండన్‌లోని లిస్టర్ సంస్థలో మార్గరెట్ బోవాస్ అనే పరిశోధకురాలు ఎలుకలకు మాంసకృత్తుల కోసం ఎండబెట్టిన పచ్చి గుడ్డు తెల్లసొన పెట్టారు. మంచి తిండే కదా! కొన్ని వారాలకు వాటి చర్మం ఎర్రబారింది, బొచ్చు ఊడింది, నడక మారిపోయింది. ఈ లోటు వచ్చిన ఎలుకకు కళ్ల చుట్టూ బొచ్చు రాలిపోయి కళ్లజోడు పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. కాలేయం, ఈస్ట్ లాంటివి పెడితే అది కుదురుకుంటుంది. వాటిలో ఉన్నదేమిటో వెతికినవారిలో పాల్ జార్జి అనే పిల్లల డాక్టరు ఒకరు. ఆయన దానికి విటమిన్ హెచ్ అని పేరు పెట్టారు. జర్మన్ భాషలో హౌట్ అంటే చర్మం, హెచ్ దాని మొదటి అక్షరం. ఇవాళ మందుల షాపులో జుట్టుకోసం అమ్మే బయోటిన్ అదే. పచ్చి తెల్లసొనలో ఉండే ఒక పదార్థం బయోటిన్‌ని గట్టిగా పట్టేసుకుని ఒంటికి అందకుండా చేస్తుందని 1940 ప్రాంతంలో తెలిసింది. ఉడికిస్తే ఆ పట్టు వదిలిపోతుంది. కాబట్టి ఉడికించిన గుడ్డుకి భయపడనక్కర్లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, గుడ్డు సంగతి మళ్లీ వస్తుంది.

అమెరికాలోని మిన్నెసోటాలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే భార్యాభర్తలు 1929లో ఇంకో సంగతి చూపించారు. తిండిలో కొవ్వు అనేదే లేకుండా చేస్తే ఎలుక తోక చేప పొలుసులా అయిపోయింది, వెనక పాదాలు ఎర్రబడి పొట్టు రేగాయి. విటమిన్లన్నీ ఇచ్చినా తగ్గలేదు. కుసుమ నూనె, నువ్వుల నూనె వంటి వాటిలో ఉండే లినోలిక్ ఆమ్లం ఒంటికి తప్పనిసరి అని ఆ తోకలు చెప్పాయి. అంటే నూనె రుచికోసం మాత్రమే కాదు. నెలాఖరుకి నూనె సీసా ఖాళీ అయి కూర నీళ్లతో ఉడికే ఇళ్లు మనకు తెలుసు. ఆ ఇళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

పాల్ జార్జి 1933లో జర్మనీ వదిలి ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వచ్చారు. అక్కడ ఆయన గమనించిన ఇంకో రకం ఎలుకల్లో నాలుగు పాదాలు, ముక్కు, చెవులు, తోక, అంటే ఒంటి చివర్లన్నీ, రెండు వైపులా సమానంగా ఎర్రబడి వాచి పొలుసులు కట్టాయి. దాన్ని మాన్పే పదార్థాన్ని 1934లో విటమిన్ బి6 అన్నారు. బి2 తక్కువైతే కళ్లు పుసికట్టి, బొచ్చు పలచబడి, చర్మం చిట్లుతుంది. పాంటోథెనిక్ ఆమ్లం తక్కువైతే నల్ల ఎలుక బొచ్చు నెరిసిపోతుంది, మీసాల చుట్టూ నెత్తురు గడ్డకట్టినట్టు ఎర్రటి పొక్కు కడుతుంది. అది నెత్తురు కాదు, కంటి దగ్గరి గ్రంథి నుంచి కారే రంగు. ఎలుక పోషణలో ఈ పాంటోథెనిక్ ఆమ్లం పాత్ర గురించి 1939లో వచ్చిన ఒక పరిశోధనలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఉంది. ఆయనతో కలిసి రాసిన హిచింగ్స్‌కి తర్వాత నోబెల్ వచ్చింది. సుబ్బారావు గారికి రాలేదు. సరే, ఆ కథ మరోసారి.

ఇక్కడ ఒక్క మాట. ఎలుక బొచ్చు మళ్లీ నల్లబడిందని తెలియగానే మనుషుల తెల్లజుట్టుకి కూడా అదే మందు పనిచేస్తుందని ఆశపడ్డారు. పనిచేయలేదు. ఆ ఆమ్లానికి దగ్గరి చుట్టమైన పాంథెనాల్ పేరుమీద ఒక షాంపూ మాత్రం పుట్టి ఇప్పటికీ అమ్ముడవుతోంది, అదే పాంటీన్. ఎలుక చర్మం చెప్పిన మాట మనిషి చర్మానికి అతికించేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో చెప్పటానికి ఇది తేలికైన ఉదాహరణ. బరువైన ఉదాహరణ పెల్లగ్రా.

పెల్లగ్రా అంటే నియాసిన్ అనే బి విటమిన్ లోటుతో వచ్చే జబ్బు. ఎండ తగిలే చోట్ల, అంటే చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ చర్మం కమిలి నల్లబడి పొట్టు రేగుతుంది. విరేచనాలవుతాయి. మతి చెదురుతుంది. వదిలేస్తే ప్రాణం పోతుంది. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కాసల్ అనే వైద్యుడు మొక్కజొన్న తిని బతికే నిరుపేదల్లో దీన్ని చూశారు. ఒక రకం కుష్ఠు అనుకున్నారు. మెడ చుట్టూ వచ్చే మచ్చల పట్టీని ఇప్పటికీ వైద్య పుస్తకాల్లో కాసల్ కంఠహారం అంటారు. మెడలో నగ ఎరగని పేదరాలికి ఆకలి వేసిన హారం అది!

కుష్ఠు అనే మాట వచ్చింది కాబట్టి కాపరులుగా మేము ఒకటి చెప్పాలి. లేవీయకాండం 13, 14 అధ్యాయాల్లో కుష్ఠు అని మన తెలుగు బైబిలు వాడిన మాట మనిషి చర్మానికే కాదు, బట్టకూ ఇంటిగోడకూ కూడా వాడారు. కాబట్టి అది ఇవాళ మనం కుష్ఠువ్యాధి అనే ఒక్క జబ్బు కాదు, పైకి కనిపించే రకరకాల మచ్చలకు పెట్టిన ఉమ్మడి పేరు. అయినా ఆ అధ్యాయాలు చూపించి ఒంటిమీద మచ్చ ఉన్న మనిషిని వెనక బల్లమీద కూర్చోబెట్టిన సంఘాలు ఉన్నాయి. లూకా సువార్తలోని లాజరు కథ కూడా చూడండి. ధనవంతుడి గుమ్మం దగ్గర పడి ఉన్న లాజరుకి ఒళ్లంతా కురుపులు, కడుపులో ఆకలి. బల్లమీద నుంచి పడే ముక్కల కోసం ఎదురుచూపు. లాజరుకి ఏ జబ్బో మనం చెప్పలేం, చెప్పకూడదు కూడా. కానీ ఆ కథ చర్మాన్ని, ఆకలిని, పక్కింటి భోజనపు బల్లని ఒకచోట పెట్టింది. మన ప్రసంగాల్లో మాత్రం కురుపుల దగ్గర స్వస్థత, బల్ల దగ్గర దానధర్మం అని విడదీసి చెప్పుకుంటాం.

పెల్లగ్రా దగ్గరికి వద్దాం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఈ జబ్బు వేలమందిని పట్టింది. అంటువ్యాధి అన్నారు, పాడైన మొక్కజొన్న అన్నారు, వంశపారంపర్యం అన్నారు. 1914లో ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరుని పంపింది. ఆయన అనాథాశ్రమాలకు, పిచ్చాసుపత్రులకు వెళ్లి చూశారు. లోపల ఉన్నవారికే జబ్బు, అక్కడ పనిచేసే సిబ్బందికి లేదు. అంటుకునే జబ్బయితే గోడకు ఇవతల ఆగుతుందా? సిబ్బంది తిండి వేరు, అదీ తేడా. పిల్లలకు పాలు, గుడ్లు, చిక్కుళ్లు పెట్టించారు. జబ్బు పోయింది.

నమ్మనివారికోసం ఆయన చేసిన ఇంకో పని మమ్మల్ని ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. 1915లో మిసిసిపీ రాష్ట్రంలోని జైలు పొలంలో ఖైదీలకు క్షమాభిక్ష ఆశ చూపి, ఎక్కువగా మొక్కజొన్న పిండి, తెల్ల బియ్యం, బెల్లపు పాకం వంటి తిండి పెట్టారు. చివరిదాకా ఉన్న 11 మందిలో ఆరుగురి చర్మం మీద పెల్లగ్రా కనిపించింది. రుజువు దొరికింది. కానీ బోనులోని ఎలుకకీ జైల్లోని మనిషికీ మధ్య ఉండాల్సిన గీత అక్కడ చెరిగింది. సంతకం పెట్టారు కదా అంటారు. జైల్లో ఉన్నవాడి సంతకానికి ఎంత స్వేచ్ఛ ఉంటుందో జైలు పరిచర్య చేసేవారికి తెలుసు. అదే గోల్డ్‌బర్గర్ తన మీద కూడా ప్రయోగం చేసుకున్నారని చెప్పకపోతే అన్యాయం. ఇది అంటదని చూపించటానికి ఆయన, ఆయన భార్య మేరీ, తోటి ఉద్యోగులు రోగుల నెత్తురు ఎక్కించుకున్నారు, మేరీ తప్ప మిగతావాళ్లు రోగుల పొలుసులు కలిపిన మాత్రలు కూడా మింగారు. ఎవరికీ జబ్బు రాలేదు.

ఇప్పుడు ఎలుక దారి తప్పించిన సంగతి. తిండిలో ఏ పదార్థం తక్కువో పట్టుకోవటానికి గోల్డ్‌బర్గర్, లిల్లీ అనే సహచరుడు కలిసి ఎలుకలకు లోటు తిండి పెట్టారు. 1926లో వాటి చర్మం చిట్లింది, బొచ్చు ఊడింది, కళ్లు వాచాయి. అచ్చం పెల్లగ్రాలాగే అనిపించింది. కొన్నేళ్లపాటు ఎలుక పెల్లగ్రా అనే మాట చలామణీ అయింది. తర్వాత తేలిందేమిటంటే అది పెల్లగ్రా కానే కాదు, వేరే బి విటమిన్ల లోటు. అసలు పాఠం చెప్పింది కుక్క. లోటు తిండితో కుక్క నాలుక నల్లబడుతుంది. 1937లో ఎల్వెహ్జెమ్ అనే శాస్త్రవేత్త నియాసిన్‌తో ఆ నాలుకను మామూలు చేశారు. మనుషుల పెల్లగ్రా కూడా దానితోనే మానింది. గోల్డ్‌బర్గర్ అది చూడలేదు. 1929లోనే పోయారు.

ఎలుక ఎందుకు తప్పు చెప్పింది? అది చెప్పిన మాట తప్పు కాదు, విన్నవాళ్లకు దాని భాష రాలేదు. మాంసకృత్తుల్లో ట్రిప్టోఫాన్ అనే భాగం ఉంటుంది. ఒళ్లు దానినుంచి నియాసిన్ తయారుచేసుకోగలదు. ఎలుక ఈ పని బాగా చేసుకుంటుంది. గిన్నెలో మంచి మాంసకృత్తులు ఉన్నంతవరకు దానికి నియాసిన్ లోటు కనిపించదు. ఈ సంగతి 1945లో మళ్లీ ఎలుకల మీదే తెలిసింది. మాంసకృత్తులు తగ్గించి మొక్కజొన్న కలిపితే అవి ఎదగలేదు. నియాసిన్ ఇచ్చినా ఎదిగాయి, ట్రిప్టోఫాన్ ఇచ్చినా ఎదిగాయి. దాంతో పాత చిక్కుముడి విడింది. పాలలో, గుడ్లలో నియాసిన్ కొంచెమే ఉంటుంది కదా, మరి అవి పెల్లగ్రాను ఎలా మాన్పాయి? వాటిలో ట్రిప్టోఫాన్ నిండుగా ఉంది కాబట్టి.

మొక్కజొన్న గురించి ఒక మాట చెప్పి ముందుకు పోదాం. మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. అక్కడ వేల ఏళ్లుగా దాన్నే తిన్నారు, పెల్లగ్రా మాత్రం పెద్దగా లేదు. ఎందుకంటే అక్కడి ఆడవాళ్లు గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, కడిగి, రుబ్బి రొట్టె చేస్తారు. మొక్కజొన్నలో బిగిసి ఉన్న నియాసిన్ ఆ సున్నంతో విడుదలవుతుంది. ఐరోపావాళ్లు గింజను ఓడల్లో పట్టుకుపోయారు గానీ ఆ ఆడవాళ్ల వంటపద్ధతిని అక్కడే వదిలేశారు. ఆ నిర్లక్ష్యానికి స్పెయిన్, ఇటలీ పేదలు రెండు వందల ఏళ్లు చర్మంతో మూల్యం కట్టారు.

ఎలుక ఎప్పటికీ చెప్పలేని సంగతి ఇంకొకటి ఉంది. బోనులో లోటు తిండి వేసింది శాస్త్రవేత్త. మరి ఊళ్లో వేసింది ఎవరు? దానికోసం గోల్డ్‌బర్గర్ ఎడ్గార్ సిడెన్‌స్ట్రికర్ అనే ఆర్థికవేత్తను తోడు తీసుకున్నారు. 1916 నుంచి వాళ్లు దక్షిణ కరోలినాలో బట్టల మిల్లుల చుట్టూ ఉన్న ఏడు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి లెక్క రాశారు. ఆదాయం ఎంత, ఎన్ని పాలు కొన్నారు, ఎంత మాంసం కొన్నారు, ఎవరికి మచ్చలు వచ్చాయి అని. ఆదాయం తగ్గేకొద్దీ పెల్లగ్రా పెరిగింది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ కనిపించింది. ఆఖర్న తినేది ఎవరో మన ఇళ్లలో అడగాలా? దున్నే నేలంతా పత్తికే పోయి, పెరటి కూరకు చోటు లేక, సరుకు అప్పుమీద తెచ్చుకునే కౌలు పద్ధతే ఈ జబ్బుకు వేరు అని వాళ్లు తేల్చారు. 1921లో ఈ కరువు గురించి అమెరికా అధ్యక్షుడు బహిరంగంగా మాట్లాడితే దక్షిణాది నాయకులు మండిపడ్డారు, మా ప్రాంతానికి చెడ్డపేరు తెస్తున్నారని. ఆకలి ఉన్నందుకు రాని కోపం, ఉందని చెప్పినందుకు వచ్చింది. 1927లో మిసిసిపీ వరదలొచ్చినప్పుడు రెడ్‌క్రాస్ వాళ్లు ఈస్ట్ పంచారు. దానితో మచ్చలు తగ్గాయి. కౌలు పద్ధతి మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు మన వైపు వద్దాం. నీలగిరుల్లో కూనూరు ఉంది. తమిళనాడు నుంచి వచ్చినవారు చూసే ఉంటారు. అక్కడ రాబర్ట్ మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు వేలకొద్దీ ఎలుకల్ని పెంచారు. ఒకే జాతి ఎలుకల్ని గుంపులుగా విడదీసి, ఒక గుంపుకి సిక్కుల తిండి, ఒకదానికి పఠాన్ల తిండి, ఒకదానికి మరాఠాల తిండి, ఇంకా కన్నడ, బెంగాలీ, మద్రాసు తిండ్లు పెట్టారు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, ఆకుకూర ఉన్న సిక్కుల తిండి తిన్న ఎలుకలు అన్నిటికంటే బాగా ఎదిగాయి. పాలిష్ బియ్యం ఎక్కువగా ఉన్న మద్రాసు తిండి తిన్నవి అన్నిటికంటే చిన్నవిగా మిగిలాయి. ఈ ప్రయోగాన్ని మేము రెండు రకాలుగా చదువుతాం. ఒక పక్క, ఫలానావాళ్లు పుట్టుకతోనే వీరజాతి, ఫలానావాళ్లు బలహీనులు అని ప్రభుత్వం సైన్యంలోకి మనుషుల్ని ఎంచుకుంటున్న కాలంలో, పుట్టుక ఒకటే అయినా గిన్నె మారితే ఒళ్లు మారుతుందని ఆ ఎలుకలు చూపించాయి. అది గొప్ప సంగతి. ఇంకో పక్క, మద్రాసు తిండి అనేది ఒకటే ఉన్నట్టు పేరు పెట్టటం మాకు నచ్చదు. ఆ రోజుల మద్రాసు రాష్ట్రంలోనే మనవాళ్లు కూడా ఉన్నారు. అక్కడ భూస్వామి పళ్లెం, అతని పాలేరు గంజి ముంత ఒకే తిండి ఎలా అవుతాయి? బోనుకి ప్రాంతం పేరు రాశారు, కులం పేరు రాయలేదు.

ఆ కూనూరు సంస్థే 1958లో హైదరాబాదుకు మారింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. సేలంలో పుట్టిన డాక్టర్ కొలత్తూర్ గోపాలన్ దాన్ని చాలా ఏళ్లు నడిపించారు. హైదరాబాదులో ఆయన బృందానికి ఒక వింత ఎదురైంది. పెల్లగ్రా అంటే మొక్కజొన్న జబ్బు కదా, మరి దక్కన్‌లో మొక్కజొన్న ముట్టని కూలీల ఒంటిమీద అదే మచ్చ, అదే కంఠహారం ఎందుకు? వాళ్లు తినేది జొన్న. పొద్దున జొన్న గటక, రాత్రి జొన్న రొట్టె, నంజుకోవటానికి కారం. జొన్నలో ల్యూసిన్ అనే భాగం ఎక్కువ ఉండటం వల్ల ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే పనికి అడ్డు వస్తోందని గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో రాశారు. ఈ వివరణ మీద తర్వాత చాలా వాదన జరిగింది. జబ్బు ఎవరికి వచ్చిందన్న దానిమీద వాదన లేదు. జొన్న తిన్న అందరికీ రాలేదు. జొన్న తప్ప ఇంకేమీ లేనివారికి వచ్చింది.

బళ్లారి, షోలాపూర్‌ల వాళ్లు నొచ్చుకోకండి. జొన్న మంచి ధాన్యం. పక్కన గుప్పెడు పల్లీలు, పప్పు, ఆకుకూర, ఒక గుడ్డు ఉంటే జొన్న రొట్టెకు సాటి లేదు. ఇప్పుడు నగరాల్లో చిరుధాన్యాలను ఖరీదు పెట్టి కొని తింటున్నవారి పళ్లెంలో జొన్నతో పాటు పది రకాలు ఉంటాయి. వాళ్లను చూసి పేదవాడికి ఒట్టి జొన్న చాలనటం న్యాయం కాదు.

దక్షిణాది పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఇంకో సంగతి కప్ప చర్మం. మోచేతుల వెనక, మోకాళ్ల మీద, పిరుదుల మీద చర్మం గరుకుగా, చిన్న చిన్న ముళ్లలా లేస్తుంది. చెయ్యి పెడితే కొబ్బరి కోరుతో గీసినట్టుంటుంది. సిలోన్‌లో నికల్స్ అనే వైద్యుడు 1933లో దీనికి పేరు పెట్టారు. మొదట విటమిన్ ఏ లోటే అనుకున్నారు. తర్వాత నూనెల్లోని అవసరమైన కొవ్వు ఆమ్లాలు, బి విటమిన్లు కూడా ఇందులో ఉన్నాయని మన దేశంలోని పరిశోధకులు గుర్తించారు. మిన్నెసోటా ఎలుక తోక గుర్తుందా? ఆ తోకకీ ఈ మోచేతికీ మధ్య అంత దూరం లేదు.

ఇళ్లకు వెళ్లినప్పుడు మాకు కనిపించేది ఇది. నోటి మూలలు పగిలిన పిల్ల, నాలుక నున్నగా ఎర్రబడిన బాలింత, ముంజేతులు కమిలి పొట్టు రేగిన కూలి అన్న. పక్కవాళ్లు అనేది కూడా మాకు తెలుసు. "స్నానం చేయరు", "గజ్జి కులం", "వాళ్లింట్లో నీళ్లు తాగొద్దు". బడిలో ఆ పిల్లను చివర కూర్చోబెడతారు. తల్లి రెండు వందలు పెట్టి తెల్లబరిచే క్రీము కొంటుంది, లేదా తాయెత్తు కట్టిస్తుంది, లేదా మన దగ్గరికే వచ్చి ప్రార్థన నూనె అడుగుతుంది. ప్రార్థిద్దాం, తప్పకుండా. ప్రార్థన అయ్యాక "అమ్మా, నిన్న పిల్ల ఏం తిన్నది?" అని కూడా అడుగుదాం. తల్లిని తప్పు పట్టేలా అడగొద్దు. ఆమె గిన్నెలో ఏం పడాలో కూడా చాలావరకు ఇంకెవరో నిర్ణయిస్తున్నారు.

జాగ్రత్తలు కొన్ని. ప్రతి మచ్చా తిండి లోటు కాదు. స్పర్శ తెలియని మచ్చ ఉంటే అది కుష్ఠువ్యాధి కావచ్చు, ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది, ఆలస్యం చేయొద్దు. గజ్జి, తామర అంటుకునేవి, వాటికి వేరే మందులు. బొల్లి ఎవరికీ అంటదు. పుస్తకాల్లో ఎర్రబడిన చర్మం అని రాస్తారు, అది తెల్లవాళ్ల చర్మాన్ని చూసి రాసింది. మన నల్లని చర్మం మీద ఎరుపు ఎరుపుగా కనిపించదు. నల్లగా, పొడిగా, కాలినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఎరుపు లేదు కదా అని వదిలేయకండి, డాక్టరుకి చూపించండి. ఇంకొకటి, లోటు సాధారణంగా ఒంటరిగా రాదు. ఎలుకకు ఒక్క విటమిన్ తీసేయటం ప్రయోగశాలలో సాధ్యం. పేదింట్లో ఒకేసారి నాలుగైదు తగ్గుతాయి. రేషను బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపే పథకం వచ్చింది. కలపనివ్వండి, కానీ ఆ బియ్యం చూపించి పప్పు, నూనె, గుడ్డు అక్కర్లేదంటే ఒప్పుకోకండి.

గుడ్డు దగ్గరికి వచ్చాం. ట్రిప్టోఫాన్, బి2, విటమిన్ ఏ, పచ్చసొనలో బయోటిన్, ఇంతసేపూ ఎలుకల ద్వారా మనం విన్నవాటిలో చాలా ఒక్క ఉడికిన గుడ్డులో ఉన్నాయి. తమిళనాడులో బడిపిల్లలకు వారంలో ఐదు రోజులు గుడ్డు పెడుతున్నారు. కర్ణాటకలో 2021 డిసెంబరులో ఉత్తరాది జిల్లాల బడుల్లో గుడ్డు మొదలుపెట్టినప్పుడు కొందరు మఠాధిపతులు అడ్డుపడ్డారు. మహారాష్ట్రలో 2023లో వారానికొక గుడ్డు మొదలైంది, 2025 జనవరిలో ప్రభుత్వం దానికి నిధులు ఆపేసింది. గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇవ్వొచ్చు, ఎవరి నమ్మకాన్నీ మనం తక్కువ చేయం. కానీ ఇంట్లో గుడ్డు తినే అలవాటు ఉండి కొనలేని బిడ్డ పళ్లెంలోంచి, ఇంట్లో గుడ్డే తినని పెద్దమనిషి దాన్ని తీసేస్తున్నాడు. ఆ బిడ్డ ఎక్కువగా ఎవరి బిడ్డో ఈ గదిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

పరాయి రాష్ట్రంలో ఉన్న మనకు ఇంకో చిక్కు. ఆధార్ ఒక చోట, రేషను కార్డు ఒక చోట, పని ఇంకో చోట. దేశమంతా ఒకే రేషను కార్డు పద్ధతిలో పనిచేసే ఊళ్లోనే బియ్యమో గోధుమో తీసుకోవచ్చు. రాష్ట్రం విడిగా ఇచ్చే పప్పు, నూనె మాత్రం సాధారణంగా ఆ రాష్ట్రపు కార్డుకే. అంటే మన వలస కుటుంబానికి గిన్నెలో గింజ వస్తుంది, గింజ పక్కన ఉండాల్సినవి రావు. ఇందాకటి బోనుల్లో కూడా గింజకు కొదవ ఉండేది కాదు.

మీ కుర్చీల మీద ఒక్కో కాగితం పెట్టాం. తెలుగు చదవలేని పిల్లలకోసం వెనకవైపు కన్నడ, మరాఠీ, తమిళం, ఒడియాల్లో ఉంది. మీ వీధిలో పది ఇళ్లు, ఒక బడి, ఒక అంగన్‌వాడీ తీసుకోండి. వారంలో ఎన్ని రోజులు పప్పు, ఎన్ని రోజులు గుడ్డు, నెలకు ఎంత నూనె, ఎవరు చివర తింటారు, ఎవరి మోచేతులు గరుకుగా ఉన్నాయి అనేవి రాయండి. పేర్లు రాయొద్దు, ఫోటోలు తీయొద్దు. సిడెన్‌స్ట్రికర్ రాసినట్టు ఆదాయం గడి కూడా పెట్టాం, అడగటానికి మొహమాటపడకండి, చెప్పటానికి వాళ్లు మొహమాటపడితే వదిలేయండి. వచ్చే సమావేశానికి ఈ కాగితాలు వస్తే, జిల్లా అధికారి దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లం.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలు ఉంటే తాగుతూ అడగండి. ముందు వెనక వరసలో ఉన్న అక్కలు అడగండి, ఎప్పుడూ మీ వంతు వచ్చేసరికి సమయం అయిపోతోంది.